నూరేళ్లు నిండనివారి కథలు: అమెరికన్ నవలల్లో ఎవరికి ఏది?

తెలుగులో ఎవరైనా పోతే "నూరేళ్లూ నిండాయి" అంటాం. పోయినవారికి ఎనభై ఏళ్లున్నా పద్దెనిమిదే ఉన్నా మాట అదే. నుదుట రాసినంత ఆయుష్షూ తీరిందని, లెక్క సరిపోయిందని చెప్పుకోవడానికి ఆ మాట పనికొస్తుంది. అయితే అదే భాషలో "అర్ధాయుష్షు", "అపమృత్యువు" అన్న మాటలు కూడా ఉన్నాయి కనుక, ఆ సమాధానం మనకు ఎప్పుడూ పూర్తిగా ఆనలేదనే అనుకోవాలి. అకాల మరణం చుట్టూ తిరిగే మంచి అమెరికన్ కథలు, నవలలు చాలావరకు ఈ రెండో రకం మాటల పక్షాన నిలబడి రాసినవి. వీటిలో ఒకటి చదవాలనుకునే పాఠకుడికి ఎదురయ్యే ఇబ్బంది పుస్తకాలు దొరకకపోవడం కాదు, లెక్కకు మించి ఉండటం. అందుకని నాకు తెలిసిన కొన్నింటిని పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి నప్పుతుందో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ఇటువంటి పుస్తకం చేతిలోకి రాగానే చాలామంది చనిపోయేది ఎవరు, ఎలా అని అడుగుతారు. నేను ముందుగా చూసేది మరణం పుస్తకంలో ఎక్కడ వస్తుంది, ఆ తరువాత ఎన్ని పేజీలు మిగిలి ఉన్నాయి అన్న సంగతి. చివరి పేజీల్లో చావు వచ్చే పుస్తకం పాఠకుణ్ణి ఏడిపించి సాగనంపుతుంది. సగంలోనో అంతకంటే ముందో వచ్చేది మరునాడు పొద్దున ఆ ఇంట్లో ఎవరు ముందు లేచారు, పిల్లలకు ఎవరు చెప్పారు, ఏ మాటతో చెప్పారు అన్న చోటికి తీసుకువెళ్తుంది. నా మొగ్గు రెండో రకం వైపే. ఎవరు చనిపోతారో చెప్పకుండా ఈ పోలిక సాధ్యం కాదు కాబట్టి, ఆ సంగతి ముందే తెలియడం ఇష్టం లేనివారు ఇక్కడ ఆగవచ్చు.

పాతకాలపు పద్ధతితో మొదలుపెడితే, హారియెట్ బీచర్ స్టోవ్ 1852లో పుస్తకంగా తెచ్చిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్'లో చిన్నారి ఈవా మరణం పంతొమ్మిదో శతాబ్దపు పాఠకులను విపరీతంగా ఏడిపించిన ఘట్టం. ఆ పిల్ల దేవతలా మంచం మీద పడుకుని, తన జుట్టు పాయలు ఇంటి బానిసలకు పంచి, అందరికీ హితబోధ చేసి కన్నుమూస్తుంది. నేటి పాఠకుడికి ఈ ఘట్టం అతిగా తోచవచ్చు, నాకూ తోచింది. అయినా ఈవా పోయేసరికి పుస్తకంలో దాదాపు సగం మిగిలే ఉంటుంది. ఆమె తండ్రి సెంట్ క్లేర్ టామ్‌ను బానిసత్వం నుంచి విడుదల చేయడానికి కాగితాల పని మొదలుపెట్టి, అది ముగియకముందే ఒక తగాదాను విడదీయబోయి కత్తిపోటుకు బలవుతాడు. యజమాని అకాల మరణం అంటే బానిసకు వేలంపాట అని ఆ ఒక్క మలుపు చెప్పినంత కచ్చితంగా పెద్ద ఉపన్యాసం కూడా చెప్పలేదు. 1849లో సిన్సినాటిలో వచ్చిన కలరాకు స్టోవ్ తన పసిబిడ్డను పోగొట్టుకుంది. బిడ్డను బలవంతంగా విడదీసి అమ్మితే తల్లికి ఎలా ఉంటుందో ఆ దుఃఖమే తనకు తెలియజేసిందని ఆమె తరువాత చెప్పుకుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు దీన్ని చదవాలి, ఓదార్పు కోసం వెతికేవారు దీని జోలికి వెళ్లనక్కరలేదు.

స్టోవ్ పక్కన లూయిసా మే ఆల్కాట్‌ను పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 'లిటిల్ విమెన్'లో నలుగురు అక్కచెల్లెళ్లలో మూడోదైన బెత్, పేద ఇంటి పసిబిడ్డకు సేవ చేయబోయి స్కార్లెట్ జ్వరం తెచ్చుకుంటుంది. అప్పటికి కోలుకున్నట్టే కనిపించి, కొన్నేళ్లపాటు నెమ్మదిగా క్షీణించి పోతుంది. ఆల్కాట్ సొంత చెల్లెలు ఎలిజబెత్ 1858లో ఇరవై రెండేళ్ల వయసులో ఇలాగే పోయింది. మరణశయ్య మీద చిరస్మరణీయమైన మాటలు పలకడం, దర్శనాలు చూడటం పుస్తకాల్లో తప్ప అరుదుగా జరుగుతుందని బెత్ మరణ ఘట్టంలోనే రచయిత్రి ఒక వాక్యం వేస్తుంది. అది ఈవా వంటి పాత్రలన్నింటికీ అంటించిన చురకలా నాకు వినిపిస్తుంది. నలభై ఏడు అధ్యాయాల్లో బెత్ పోయేది నలభయ్యో అధ్యాయంలో. మిగిలిన ఏడింటిలో అక్క జో ఖాళీ ఇంట్లో చెల్లెలి పనులు తన చేతుల మీద వేసుకుని, ఎక్కడ కుంగిందో ఎలా లేచిందో చూస్తాం.

కొనేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ నవల 1868లో, 1869లో రెండు భాగాలుగా వచ్చింది, బెత్ మరణం ఉన్నది రెండో భాగంలో. మొదటి భాగం మాత్రమే ఉన్న ముద్రణలు, పిల్లల కోసం కుదించిన ప్రతులు మార్కెట్లో చాలా ఉన్నాయి. రెండో భాగాన్ని 'గుడ్ వైవ్స్' అని వేరే పేరుతో అమ్మడం కూడా ఉంది. అధ్యాయాల సంఖ్య చూసి తీసుకోకపోతే బెత్ కోలుకున్న దగ్గరే పుస్తకం అయిపోతుంది.

పదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వడానికైతే ఆల్కాట్ కంటే క్యాథరిన్ పేటర్సన్ 1977లో రాసిన 'బ్రిడ్జ్ టు టెరబీథియా' మేలని నా అభిప్రాయం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది బడిలోనే ఎదురుపడే అవకాశం ఎక్కువ కనుక, తల్లిదండ్రులు ముందుగా చదివి ఉంచుకోవడం మంచిది. వర్జీనియా పల్లెలో ఉండే పదేళ్ల జెస్‌కు, కొత్తగా వచ్చిన లెస్లీకి స్నేహం కుదురుతుంది. ఇద్దరూ వాగుకు అవతల, తాడు పట్టుకుని ఊగి దాటవలసిన చోట, ఒక ఊహా రాజ్యాన్ని కట్టుకుంటారు. ఒకరోజు జెస్ తన టీచరుతో కలిసి వాషింగ్టన్ మ్యూజియాలు చూడటానికి వెళ్తాడు. లెస్లీని కూడా పిలుద్దామన్న ఆలోచన అతనికి సమయానికి రాదు. అతను తిరిగి వచ్చేసరికి తాడు తెగి, లెస్లీ వాగులో పడి చనిపోయి ఉంటుంది. రచయిత్రి కొడుకు స్నేహితురాలు ఎనిమిదేళ్ల వయసులో పిడుగుపాటుకు బలైన తరువాత పుట్టిన పుస్తకం ఇది, మరుసటి ఏడాది పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం పొందింది.

పదమూడు అధ్యాయాల పుస్తకంలో ఆ వార్త పదో అధ్యాయం చివర వస్తుంది. తరువాతి మూడు అధ్యాయాల్లో జెస్ ప్రవర్తన పెద్దలు ఊహించే పద్ధతిలో ఉండదు. వార్త నమ్మడు, ఆబగా అట్లు తింటాడు, ఇప్పుడు తరగతిలో పరుగుపందెంలో తనే ఫస్టు అన్న ఆలోచన కూడా వస్తుంది, చెల్లెల్ని కొడతాడు, లెస్లీ ఇచ్చిన రంగుల డబ్బాను వాగులోకి విసిరేస్తాడు. దుఃఖంలో ఉన్న పిల్లవాడు కన్నీళ్లు పెట్టుకోకపోతే "వీడికి ఏమీ పట్టలేదు" అనుకునే పెద్దలు మన ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి, ఈ మూడు అధ్యాయాలు పిల్లల కంటే ముందు వారికే ఉపయోగపడతాయి. మరణం ప్రస్తావన కారణంగానూ, కొన్ని మాటల కారణంగానూ ఈ పుస్తకాన్ని బడుల నుంచి తీసేయాలని అమెరికాలోనే కొందరు పట్టుబట్టారు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే తొందరే కాని, పదేళ్లు దాటినవారికి దాచిపెట్టవలసినది ఇందులో నాకు కనబడలేదు.

పెద్దల పుస్తకాలకు వస్తే, అసలైన పోటీ తల్లిదండ్రుల మరణం మీద వచ్చిన రెండు నవలల మధ్య ఉంది. రెండూ రచయితలు చిన్నతనంలో స్వయంగా పడ్డ దెబ్బ నుంచి పుట్టినవే. జేమ్స్ ఏజీ 'ఎ డెత్ ఇన్ ద ఫ్యామిలీ' టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో 1915లో జరుగుతుంది. విలియం మ్యాక్స్‌వెల్ 1937లో రాసిన 'దే కేమ్ లైక్ స్వాలోస్' ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో జరుగుతుంది. ఏజీ తండ్రి 1916లో కారు ప్రమాదంలో పోయాడు. మ్యాక్స్‌వెల్ తల్లి ఆ మహమ్మారికే బలైనప్పుడు అతనికి పదేళ్లు.

ఏజీ నవలలో జే ఫాలెట్ తన తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందన్న ఫోను విని అర్ధరాత్రి బయలుదేరతాడు. భార్య మేరీ ఆ వేళప్పుడు లేచి వద్దన్నా వినకుండా అతనికి వండిపెడుతుంది. అతను తాను లేచిన పక్కలో వెచ్చదనం ఆమె కోసం నిలవాలని దుప్పటి కప్పి ఉంచుతాడు. తండ్రికి నిజానికి ప్రమాదమేమీ లేదు. తిరుగు ప్రయాణంలో స్టీరింగుకు సంబంధించిన ఒక చిన్న పిన్ను ఊడిపోయి కారు అదుపు తప్పుతుంది. గడ్డం మీద తగిలిన ఒక్క దెబ్బతో ప్రాణం పోతుంది, ఒంటి మీద మరో పెద్ద గాయమే లేదు. అక్కడి నుంచి ఏజీ దేన్నీ తొందరపెట్టడు. కబురు వచ్చి, నిజం తేలేదాకా మేరీ, ఆమె మేనత్త హన్నా వంటింట్లో టీ కాచుకుంటూ ఎదురుచూసే గంటలు పేజీల తరబడి సాగుతాయి. ఆరేళ్ల రూఫస్ మరునాడు వీధిలోకి వెళ్లి, మా నాన్న చచ్చిపోయాడని పెద్ద పిల్లలకు ఒక గొప్పలా చెప్పుకుంటాడు, కాసేపటికి ఆ గొప్పే వాడికి సిగ్గుగా మారుతుంది. పసితనపు దుఃఖం గురించి ఇంతకంటే నిజమైన ఘట్టాన్ని నేను చదవలేదు. బాప్తిస్మం తీసుకోనివాడని జేకు పూర్తి అంత్యక్రియల ప్రార్థన చదవడానికి పాద్రి నిరాకరించడం, దాని మీద మేరీ తమ్ముడు ఆండ్రూ మండిపడటం చివర వస్తాయి. కర్మకాండల దగ్గర మాటలు పడిన కుటుంబం ఏదైనా ఆ కోపాన్ని పోల్చుకుంటుంది.

మ్యాక్స్‌వెల్ దారి వేరు. ఆయన పుస్తకం చిన్నది, మూడు భాగాలది. మొదటిది ఎనిమిదేళ్ల బన్నీది, రెండోది పదమూడేళ్ల అన్న రాబర్ట్‌ది, మూడోది తండ్రి జేమ్స్‌ది. తల్లి ఎలిజబెత్‌కు సొంత భాగం లేదు. ఆమె ఎవరో మనకు తెలిసేది ఆ ముగ్గురూ ఆమె మీద ఎంతగా ఆనుకుని ఉన్నారో చూడటం వల్లనే. ఆమె మరణవార్త రెండో భాగం చివర వస్తుంది. జబ్బుపడిన తమ్ముడి గదిలోకి తల్లిని వెళ్లనివ్వకూడదన్న మాట తాను నిలబెట్టుకోలేదని, అందుకే ఆమె పోయిందని రాబర్ట్ తనలో తాను కుమిలిపోతాడు. అంటువ్యాధి కాలంలో ఎవరి నుంచి ఎవరికి సోకిందో తేల్చుకోలేక, తేల్చుకోవడం మానలేక నలిగిపోయిన ఇళ్లు 2020, 2021లలో మనమూ చూశాం.

రెండింటిలో ఒక్కటే చదవగలిగితే నేను ఏజీని చెబుతాను. అయితే అది ఓపిక అడుగుతుంది, వాక్యాలు పొడవైనవి, చూపు నిదానమైనది. రెండు మూడు సాయంత్రాల్లో ముగించాలనుకునేవారికీ, కోవిడ్‌లో సొంతవారిని కోల్పోయి ఆ తప్పు తమదేనేమో అన్న ఊహ వదలనివారికీ మ్యాక్స్‌వెల్ దగ్గరగా ఉంటాడు. ఏజీ విషయంలో ఏ ముద్రణ తీసుకోవాలన్నది కూడా చూసుకోవాలి. నవలను పూర్తి రూపంలో అచ్చుకు ఇవ్వకముందే ఆయన 1955లో నలభై ఐదేళ్లకు న్యూయార్క్‌లో ట్యాక్సీలో గుండెపోటుతో పోయాడు. తండ్రి అకాల మరణం గురించిన నవల కొడుకు అకాల మరణం తరువాత, 1957లో, సంపాదకుడి కూర్పుతో వచ్చి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి గెలుచుకుంది. రాతప్రతుల ఆధారంగా ఒక పండితుడు వేరే క్రమంలో పునర్నిర్మించిన ప్రతి 2007లో వెలువడింది. పరిశోధకులకు అది అవసరమే కాని, మొదటిసారి చదివేవారు 1957 నాటి కూర్పునే తీసుకోవాలి. అందులో మొదట వచ్చే, నాక్స్‌విల్ వేసవి సాయంత్రాల మీద రాసిన చిన్న వచనం ఒక్కటే పుస్తకం ధరకు సరిపోతుంది.

బిడ్డను కోల్పోయిన తండ్రి కథ కావాలంటే జార్జ్ సాండర్స్ 2017లో రాసి బుకర్ బహుమతి పొందిన 'లింకన్ ఇన్ ద బార్డో' ఉంది. అధ్యక్షుడు ఏబ్రహాం లింకన్ కొడుకు విలీ 1862 ఫిబ్రవరి 20న పదకొండేళ్ల వయసులో జ్వరంతో వైట్‌హౌస్‌లోనే పోయాడు. నవలలో బాబు చనిపోవడం మొదట్లోనే అయిపోతుంది, మిగతాదంతా దాదాపు జార్జ్‌టౌన్ శ్మశానంలో ఒక్క రాత్రి. చెప్పేవారు అక్కడి ప్రేతాత్మలు. తాము చనిపోయామని ఒప్పుకోవడం ఇష్టం లేక శవపేటికను రోగపు పెట్టె అని పిలుచుకునే జనం వాళ్లు. తీరని కోరిక వల్ల ఆత్మ వెళ్లిపోలేదన్న మాట, పిండం కాకి ముట్టలేదన్న బెంగ తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ శ్మశానం చాలామంది అమెరికన్లకంటే త్వరగా పరిచయమవుతుందని నా నమ్మకం. అడ్డంకి రూపంలో ఉంది. పేజీ నిండా ముక్కలు ముక్కలుగా గొంతులు, మధ్యలో నిజమైనవీ కల్పించినవీ కలిపిన చరిత్ర గ్రంథాల ఉల్లేఖనలు. మొదటి యాభై పేజీలు ఎవరు మాట్లాడుతున్నారో పట్టించుకోకుండా దాటేయాలి. నూట అరవై ఆరు మంది గొంతులతో చేసిన శ్రవణ పుస్తకం కూడా ఉంది కాని, ఆ హోరులో నాకైతే అచ్చుపుస్తకమే తేలిక అనిపించింది.

"వీరే ఎందుకు పోవాలి, ఈ రోజే ఎందుకు" అన్న ప్రశ్న పట్టి పీడించేవారికి థార్న్‌టన్ వైల్డర్ 1927 నాటి 'ద బ్రిడ్జ్ ఆఫ్ శాన్ లూయీ రే' తగినది. కథ అమెరికాది కాదు, పెరూది. 1714 జులై 20, శుక్రవారం మధ్యాహ్నం ఒక పాత వేలాడే వంతెన తెగి ఐదుగురు లోయలో పడిపోతారు. దగ్గరుండి చూసిన జూనిపర్ అనే సన్యాసి, వారి వారి జీవితాలు వెలికితీస్తే దైవం లెక్క తేలుతుందని ఆరేళ్లు వివరాలు సేకరిస్తాడు. చివరికి ఆ గ్రంథంతోపాటు అతన్ని కూడా మతాధికారులు తగలబెట్టిస్తారు. తలరాత అన్నది ఉందనీ అనకుండా, లేదనీ అనకుండా వైల్డర్ ముగించిన తీరు కొందరికి అసంతృప్తిగా ఉంటుంది. ఇక్కడ మరణం మొదటి వాక్యంలోనే వస్తుంది, అందువల్ల పుస్తకమంతా పోయినవారు ఎలా బతికారన్నదే.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. సాలింజర్ 'ద క్యాచర్ ఇన్ ద రై'ని అల్లరి కుర్రవాడి గొడవగా చదివినవారు, లుకేమియాతో పోయిన తమ్ముడు ఆలీని మనసులో పెట్టుకుని మరోసారి చదివితే వేరే పుస్తకం కనబడుతుంది. జాన్ గ్రీన్ 2012 నవల 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' కౌమారంలో ఉన్నవారికి నచ్చుతుంది. దాని ఆధారంగా తీసిన హిందీ చిత్రం 'దిల్ బేచారా' 2020లో విడుదలయ్యేలోపే కథానాయకుడు మరణించడంతో, మనవాళ్లలో కొందరికి ఆ కథ ఇప్పుడు వేరే విషాదంతో ముడిపడి ఉంది. యాలిస్ సీబోల్డ్ 'ద లవ్లీ బోన్స్'లో హత్యకు గురైన పద్నాలుగేళ్ల అమ్మాయే పైనుంచి కథ చెబుతుంది, మొదటి అధ్యాయంలోని హింసను తట్టుకోగలమనుకుంటేనే తెరవాలి. టోనీ మారిసన్ 'బిలవెడ్' ఈ జాబితాలో అన్నిటికంటే గొప్పది, అన్నిటికంటే కష్టమైనది కూడా. బానిసత్వానికి తిరిగి అప్పగించడం ఇష్టంలేక తల్లే బిడ్డ ప్రాణం తీసిన ఘటన, 1856లో నిజంగా జరిగినదాని నుంచి వచ్చింది. ఈ ఇతివృత్తంతో మొదటి పుస్తకంగా దాన్ని ఎవరికీ సూచించను. ఆత్మహత్యల మీద రాసిన నవలలను కావాలనే పక్కన పెట్టాను, అటువంటి మరణం జరిగిన ఇంటికి నవలకంటే ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి.

ఇవేవీ మొదలుపెట్టే ధైర్యం చాలనివారికి రేమండ్ కార్వర్ కథ ఒకటి ఉంది, అదీ రెండు రూపాల్లో. స్కాటీ అనే బాబును ఎనిమిదో పుట్టినరోజునాడు కారు గుద్దుతుంది. వాడు లేచి నడిచి ఇంటికి వచ్చి, సోఫాలో పడుకుని మళ్లీ లేవడు. ఆసుపత్రిలో తల్లిదండ్రులు ఎదురుచూస్తుంటే, ఆర్డరిచ్చి తీసుకెళ్లని కేకు కోసం బేకరీవాడు పేరు చెప్పకుండా ఇంటికి ఫోన్లు చేస్తుంటాడు. 1981లో సంపాదకుడు కత్తిరించాక వచ్చిన 'ద బాత్' ఫోను మోగిన దగ్గరే ఆగిపోతుంది, బాబు బతికాడో లేదో చెప్పదు. 1983లో కార్వర్ తిరిగి విస్తరించి అచ్చు వేయించిన 'ఎ స్మాల్, గుడ్ థింగ్'లో బాబు పోతాడు. ఆ రాత్రి తల్లిదండ్రులు ఆ బేకరీకి కోపంతో వెళ్తారు, విషయం తెలిసిన బేకరీవాడు క్షమాపణ అడిగి, కుర్చీలు వేసి, పొయ్యి మీది వేడి వేడి రొట్టెలు పెడతాడు, వాళ్లు తెల్లవారేదాకా అక్కడే కూర్చుని తింటారు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించకపోవడం, ఇరుగుపొరుగు అన్నం తెచ్చి "రెండు ముద్దలు తిను" అని బలవంతపెట్టడం తెలిసిన మనకు ఆ రొట్టె ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. పొట్టి కథే గొప్పదని వాదించే విమర్శకులున్నారు, నేను పొడుగు కథ పక్షం. అయినా రెండూ చదవాలి, రెండింటికీ ఒక సాయంత్రం చాలు. ముందు 'ద బాత్' చదవండి. ఆ ఫోను మోత ఇంకా చెవిలో ఉండగానే రెండో కథ తీస్తే, బేకరీ తలుపు తెరుచుకునే చోటికి మీరూ ఆ తల్లిదండ్రులంత కోపంతోనే చేరుకుంటారు.